పేపరు రాయకముందే సారాంశం పంపవచ్చా?

ఆంగ్ల శాఖ నోటీసు బోర్డులో పరిశోధన పేపర్లు కోరుతున్న సదస్సు ప్రకటన చూశారు, గడువు వారమే ఉంది, పేపరు ఒక్క పేజీ కూడా రాయలేదు, పంపాలా వద్దా అని అడిగారు. నిస్సంకోచంగా పంపండి. ఇప్పుడు వాళ్లకు కావలసింది సారాంశమే, మామూలుగా 250 నుంచి 300 పదాలు. పేపరు పూర్తిచేసి మరీ పంపేవాళ్లు అరుదు.

మొదటి వాక్యంలోనే ఏ రచన, అందులో మీ ప్రశ్న ఏమిటి అన్నది తేల్చేయండి. ‘సాహిత్యంపై వలసపాలన ప్రభావం’ అంటే పరిశీలకులు పేజీ తిప్పేస్తారు. ‘ఈ నవలలో ఉత్తరాలన్నీ ఆలస్యంగానే ఎందుకు చేరతాయి?’ అంటే ఆగి చదువుతారు. ఆ తర్వాత ఇతర విమర్శకులు వదిలేసిన అంశం ఒక వాక్యంలో, మీ వాదన మూడు నాలుగు వాక్యాల్లో చెప్పండి. సిద్ధాంతకర్తల పేర్లు గుప్పించకండి, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఎంపికకు ముందే రుసుము కట్టమనే సదస్సుల జోలికి పోవద్దు. ప్రయాణ ఖర్చుల సాయం ఉందేమో శాఖ కార్యాలయంలో ముందే కనుక్కోండి. తిరిగొచ్చాక అడిగితే చాలాచోట్ల ఇవ్వరు.

ఇది తప్పినా దిగులు పడకండి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆంగ్ల శాఖ ఆన్‌లైన్‌లో నిర్వహించే సదస్సు ప్రకటనల జాబితాలో ఇలాంటివి నిత్యం వస్తూనే ఉంటాయి.