పాత కాయితం వెనక్కి తీసుకో

గుణుపురం

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

క్యూసీ (నాణ్యత తనిఖీ) బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. వచ్చే నెల అల్యూమినా ప్లాంటు తరఫున ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడటగా, ఆ టెన్షన్‌లో రాత్రిళ్లు కూర్చుని డబ్ల్యూపీఎస్‌లన్నీ, అదే ఏ జాయింటు ఎలా వెల్డు చేయాలో చెప్పే కాయితాలన్నీ, మళ్లీ టైపు చేయిస్తున్నావట. ముందు ఆ పని ఆపు. మీ వెల్డింగ్ షాపులో కాయితాలకి కరువు లేదు. పాతవి పోకపోవడమే తంటా.

రాయగడ చుట్టుపక్కల ఏ ఫ్యాబ్రికేషన్ షాపుకెళ్లినా ఇదే వరస. ఆఫీసు ఫైల్లో రివిజన్ 3, అంటే మూడోసారి మార్చిన కాయితం, సంతకాలతో సహా భద్రంగా ఉంటుంది. షెడ్డులో గోడకి రివిజన్ 1 లామినేషన్ చేసి వేలాడుతుంటుంది. ఫోర్‌మన్ వాట్సాప్‌లో ఉన్న ఫోటో రివిజన్ 2. కంప్యూటర్ తెరిస్తే 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఫైనల్ లాస్ట్'. వెల్డర్ వీటిలో ఏది చూస్తాడు? కళ్లెదురుగా ఉన్నదే చూస్తాడు. ఈ లామినేషన్ ఎవడు కనిపెట్టాడో గానీ, పాత కాయితానికి చావు లేకుండా చేశాడు.

కాబట్టి ఒక రిజిస్టర్ పెట్టు. ఏ డబ్ల్యూపీఎస్ కాపీ షెడ్డులో ఏ బే (పని గడి) దగ్గరుంది, ఎవరు తీసుకున్నారు, ఏ రివిజన్ అన్నది అందులో ఉండాలి. పాత కాపీ చేతికి వస్తేనే కొత్తది ఇవ్వు. పోయిందంటే పోయిందని రాయించి సంతకం పెట్టించు. వెనక్కి వచ్చినవాటిలో ఒకటి మాత్రం 'రద్దు' ముద్ర వేసి ఆఫీసులో దాచు, మిగతావి చించెయ్. ఆఫీసు ఇచ్చిన కాపీ అని చెప్పే ఎర్ర ముద్ర లేని జిరాక్స్ షెడ్డులో కనిపిస్తే ఎవరిదని అడక్కు, తీసెయ్.

ఇంత పట్టింపు దేనికంటావేమో. కాశీపూర్ వైపు అల్యూమినా ప్లాంటు పనులే చూడు. బాక్సైట్‌ని వేడి కాస్టిక్ సోడాలో కరిగిస్తేనే అల్యూమినా వస్తుంది. ఆ కాస్టిక్ తగిలే కార్బన్ స్టీల్ లైన్లలో వెల్డు పక్కన ఒత్తిడి మిగిలిపోతే అక్కడే పగులు పుడుతుంది. అందుకని వెల్డయ్యాక పీడబ్ల్యూహెచ్‌టీ, అంటే ఆ ఒత్తిడి పోయేలా జాయింటుని మళ్లీ వేడి చేయడం, అడుగుతారు. గోడ మీది పాత రివిజన్‌లో ఆ మాట లేదనుకో, కుర్రాళ్లు వెల్డు కొట్టి, పెయింటు వేసి పంపించేస్తారు. ఎక్స్‌రేలో జాయింటు చక్కగానే ఉంటుంది, ఒత్తిడి ఎక్స్‌రేకి కనిపించదు కదా. లైను వేడెక్కి నడిచాక బయటపడుతుంది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. పని ఇచ్చిన పార్టీ పీడబ్ల్యూహెచ్‌టీ అడిగాడు కదా అని డబ్ల్యూపీఎస్‌లో ఒక లైను చేర్చి, రివిజన్ నంబర్ పెంచి, పని అయిపోయిందనుకుంటారు. కుదరదు. వెల్డింగ్ పరీక్షల కోడ్ ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 ప్రకారం అది ఎసెన్షియల్ వేరియబుల్, అంటే మారితే మళ్లీ టెస్ట్ చేయాల్సిన అంశం. హీట్ ట్రీట్‌మెంట్ చేసిన టెస్ట్ ప్లేటుతో వేరే పీక్యూఆర్ (ఆ టెస్ట్ రికార్డు) ఉండాలి. ప్రీహీట్, అంటే వెల్డుకి ముందు ఇచ్చే వేడి, 55 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ తగ్గించినా అంతే. అదే గ్రూవ్ (వెల్డు నింపే గాడి) ఆకారం మార్చితే మళ్లీ టెస్ట్ అక్కర్లేదు, కానీ డబ్ల్యూపీఎస్‌లో మాత్రం మార్పు ఎక్కాల్సిందే. రివిజన్ చేసే ప్రతిసారీ 'ఏం మారింది, ఏ పీక్యూఆర్ దీన్ని మోస్తోంది' అని ఒక్క వాక్యం రాయించు. ఆ వాక్యం రాయలేకపోతే రివిజన్ చేయకు.

పీక్యూఆర్ జోలికి మాత్రం పోకు. ఆ రోజు టెస్ట్‌లో జరిగింది జరిగినట్టు రాసిన కాయితం అది. టైపింగ్ తప్పు దిద్దొచ్చు, అప్పటి టెస్ట్‌లో నిజంగా ఉన్న వివరం ఆధారంతో చేర్చొచ్చు. దిద్దిన ప్రతిసారీ మళ్లీ తేదీ వేసి సర్టిఫై చేయాలి. డబ్ల్యూపీఎస్ రేంజ్‌కి సరిపోయేలా పీక్యూఆర్ ఆంపియర్లు సర్దేవాళ్లున్నారు. అది సర్దుబాటు కాదు, దొంగ లెక్క. పక్క షాపు డబ్ల్యూపీఎస్ మీద పేరు మార్చి వాడుకోవడం కూడా ఆ బాపతే. టెస్ట్ ప్లేటు మీ అజమాయిషీలోనే వెల్డు కావాలి.

టైపింగ్ అంటే గుర్తొచ్చింది. బాయిలర్ పైపుల పనిలో పీ22 అనే స్టీలు గ్రేడు వస్తుంది. ఒక షాపులో టైపు చేసే అబ్బాయి పీ నంబర్ (ఏ లోహపు గుంపో చెప్పే నంబర్) గడిలో కూడా 22 కొట్టేశాడు. ఆ పైపు పీ నంబర్ 5ఏ. పీ నంబర్ 22 అంటే అల్యూమినియం! కింద ముగ్గురి సంతకాలు. పాత ఫైలు మీద కొత్తది టైపు చేస్తే ఇలాంటివే దొర్లుతాయి. థిక్‌నెస్ (మందం) గడి కూడా అలాగే చూడు. ఇంపాక్ట్ టెస్ట్ (దెబ్బకి తట్టుకుంటుందా అని చూసే పరీక్ష) అక్కర్లేని మామూలు పనుల్లో 12 మిల్లీమీటర్ల టెస్ట్ ప్లేటు 5 నుంచి 24 మిల్లీమీటర్ల మందం వరకే పనికొస్తుంది. 25 ప్లేటు వచ్చినప్పుడు 'ఒక్క మిల్లీమీటరేగా' అంటారు. ఒప్పుకోకు.

ఇక నా అసలు చిట్కా. షెడ్డు మొత్తం తిరిగి కాపలా కాయడం నీ వల్ల కాదు. కానీ రాడ్ లేకుండా ఎవడూ వెల్డు కొట్టలేడు. అంచేత స్టోర్ కిటికీ దగ్గర కాపు వెయ్. రాడ్ల స్లిప్ మీద జాయింట్ నంబర్, డబ్ల్యూపీఎస్ నంబర్, రివిజన్ రాయించు. స్టోర్ కుర్రాడి దగ్గర ఆ రోజు చెల్లే రివిజన్ల లిస్టు ఒక్క పేజీ ఉండాలి. స్లిప్ దానితో కలవకపోతే 7018 రాడ్ కాదు కదా, మామూలు 6013 రాడ్ కూడా బయటికి రాకూడదు. వెల్డర్ ఆర్నెల్లుగా ఆ ప్రాసెస్‌లో పని చేయకపోతే అతని క్వాలిఫికేషన్ చెల్లదు కదా, ఆ పేర్లు కూడా అక్కడే ఉంచు. మొదటి వారం అందరూ తిడతారు. తిట్టనీ.

మీ దగ్గర ఒడియాలో, తెలుగులో డబ్ల్యూపీఎస్ సారాంశంతో వెల్డర్ కార్డులు వేశారని విన్నాను. మంచి పని, ఇంగ్లీషు డబ్ల్యూపీఎస్ చదివి పని చేసే వెల్డర్లు తక్కువ. అయితే డబ్ల్యూపీఎస్ మారిన రోజే ఆ కార్డూ మారాలి, దాని మీద కూడా రివిజన్ నంబర్ ఉండాలి. చాలా చోట్ల దీన్నే మర్చిపోతారు.

డ్రాయింగ్‌లో మాత్రం డబ్ల్యూపీఎస్ నంబర్ ఒక్కటే వేయించు, రివిజన్ వద్దు. లేకపోతే ఒకటి మారినప్పుడల్లా డ్రాయింగులన్నీ మార్చుకుంటూ కూర్చోవాలి. ఏ రివిజన్‌తో ఏ జాయింట్ కొట్టారో వెల్డ్ లాగ్‌లో ఉంటే చాలు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేలోపు ఇవన్నీ అవ్వవు. ముందు గోడల మీదివి పీకించు, ఫోర్‌మన్ ఫోన్లో ఫోటోలు నీ ఎదురుగానే డిలీట్ చేయించు, స్టోర్ లిస్టు పెట్టు. మిగతాది ఎప్పటికి పూర్తి చేస్తావో తేదీలతో రాసి అతనికే చూపించు.

మజ్జిగౌరి అమ్మవారి చైత్ర జాతరకి వస్తాను. ఒక పూట షెడ్డుకి తీసుకెళ్లు, రిజిస్టర్ చూస్తాను. మీ అమ్మని మోకాళ్ల మందు మానొద్దని చెప్పు.

మీ మామయ్య