ఇష్టంగా చేసే పనికి స్టార్లు పెట్టకండి

"పిల్లల అలవాట్లు మార్చాలంటే బహుమతులివ్వడం మంచి పద్ధతేనా?" అని అడిగారు. చేసి చేతులు కాల్చుకున్నదాన్ని, గట్టిగానే చెప్తాను: వాళ్ళంతట వాళ్ళు ఇష్టపడి చేసేదానికి మాత్రం వద్దు.

మా వాడికి అప్పుడు ఆరేళ్ళు. కథల పుస్తకం దొరికితే చాలు, మంచం కింద దూరి చదువుకునేవాడు. ఇంకా చదివిద్దామని నాకు ఆశ. ఒక పేరెంటింగ్ క్లాసులో చెప్పారని ఫ్రిజ్ మీద చార్టు అంటించాను. పుస్తకానికో స్టార్, పది స్టార్లకి ఒక బొమ్మ. మొదటి వారం తెగ చదివేశాడు. రెండో వారానికి లావు పుస్తకాలు ముట్టుకోవడం మానేసి, పేజీకి ఒక్క వాక్యం ఉన్నవే ఏరుకునేవాడు. ఒక సాయంత్రం వచ్చి, "అమ్మా, సగం చదివాను, సగం స్టార్ ఇస్తావా?" అన్నాడు. కథలో కుక్కపిల్ల తప్పిపోయింది. దొరికిందారా అంటే తెలీదన్నాడు. తెలుసుకోవాలని కూడా లేదు వాడికి. నా ప్రాణం ఉసూరుమంది.

1973లోనే లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇది చూపించారు. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి "వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఏమీ ఇవ్వని పిల్లలు వేసినంతలో సగం సేపే వీళ్ళు వేశారు. ముందు చెప్పకుండా ఇచ్చిన పిల్లలకు ఆసక్తి తగ్గలేదు. బేరం పెట్టడమే కొంప ముంచింది. పళ్ళు తోముకోవడం లాంటి, ఎటూ ఇష్టంలేని పనులకైతే చిన్న బహుమతి పెట్టినా నష్టం లేదు.

ఆ క్లాసులోనే "21 రోజులు చేయిస్తే అలవాటైపోతుంది" అని కూడా చెప్పారు. ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కొత్త ముఖానికి అలవాటుపడటానికి పేషెంట్లకు కనీసం 21 రోజులు పడుతోందని మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాశాడు. ఆ "కనీసం" కాస్తా ఎగిరిపోయింది! లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందితో చేసిన అధ్యయనంలో, ఒక పని అలవాటు కావడానికి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని తేలింది, మధ్యస్థం 66. 22వ రోజున "నా బిడ్డలోనే లోపముంది" అనుకునే తల్లులు ఎంతమందో.

చార్టు పీకేశాక నెల దాటినా వాడు పుస్తకం ముట్టలేదు. నేనూ చదవమనలేదు. ఒక రాత్రి ఆ కుక్కపిల్ల కథే పైకి చదువుతూ, సగంలో పుస్తకం మంచం మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పుస్తకం లేదు. మంచం కింద నుంచి రెండు పాదాలు కనిపించాయి.