కౌంటర్లో డబ్బు తగ్గింది, తీశానని రాసిమ్మంటున్నారు. రాసివ్వాలా?

సూపర్ మార్కెట్లో మీ కౌంటర్లో తొమ్మిది వేలు తగ్గాయని, తీశానని రాసిచ్చి మానేస్తే కేసు పెట్టబోమని అంటున్నారని అడిగారు. రాసివ్వకండి. మిగతావన్నీ తర్వాత.

నాకూ జరిగింది. 2022 దసరా సీజను, గుంటూరులో ఓ బట్టల షాపు. రాత్రి క్లోజింగ్‌లో సిస్టం ప్రకారం నా డ్రాయర్లో 86,300 ఉండాలి. ఉన్నది 73,840. మేనేజరు స్టాక్ రూములోకి పిలిచి తెల్లకాగితం చేతికిచ్చాడు. "తీశానని రాసెయ్యి, జీతంలో కోసుకుంటాం. పెళ్ళి కావాల్సిన పిల్లవి, పోలీస్ స్టేషన్ దాకా ఎందుకు" అన్నాడు. ఏడుస్తూనే పెన్ను తీసుకున్నాను కూడా. లాయరు దగ్గర గుమస్తాగా చేసే మా బావ గుర్తొచ్చి, "ఇంట్లో అడిగి రేపు చెప్తానండీ" అని బయటపడ్డాను.

బావ ఒకటే చెప్పాడు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో నిలవదు గానీ, ఓనరుకి చేతిరాతతో ఇచ్చిన కాగితం మన మీదే సాక్ష్యంగా పెట్టొచ్చు. బెదిరించి రాయించారని తర్వాత మనం మొత్తుకోవాలి.

మర్నాడు "నేను తియ్యలేదు" అని వాదించలేదు. ఆ మాట దొంగ కూడా అంటాడు. లెక్క అడిగాను, అదీ రాతపూర్వకంగా: ఆ రోజు క్లోజింగ్ రిపోర్టు, క్యూఆర్ స్కానర్ స్టేట్‌మెంటు, రెండో కౌంటర్ కెమెరా ఫుటేజీ సాయంత్రం 4 నుంచి 10 దాకా. అదే మేనేజరుకి వాట్సాప్‌లోనూ పెట్టాను, తేదీతో సహా ఉంటుందని. ఫుటేజీ సంగతి ఆలస్యం చెయ్యకండి, హార్డ్ డిస్క్ నిండగానే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది.

స్టేట్‌మెంటు చూస్తే బయటపడింది. స్కానర్లో పడిన డబ్బు సిస్టంలో ఉన్నదానికంటే సరిగ్గా 12,460 ఎక్కువ. 7,210, 5,250 రెండు బిల్లులు. కస్టమర్లు ఫోన్‌పే కొట్టారు, రద్దీలో నేను "క్యాష్" నొక్కాను. అంటే పొరపాటు నాదే, అది దాచను. కానీ పొరపాటు వేరు, దొంగతనం వేరు. డ్రాయర్ ఒక్కటే చూసి ఆయన తేల్చేశాడు.

కేసు భయం గురించి: పనిచేసే చోట యజమాని సొత్తు దొంగతనం భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షను, గరిష్ఠంగా ఏడేళ్ళు. ఇలాంటి వాటిలో కారణం రాయకుండా ఆటోమేటిగ్గా అరెస్టు చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. పోలీసుల నోటీసు వస్తే మాత్రం ఎగ్గొట్టకండి, లాయరుతో మాట్లాడి హాజరవ్వండి. షాపువాళ్ళు ఇచ్చే ఏ నోటీసుకైనా జవాబు రాసి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఆ మేనేజరు సారీ చెప్పలేదు. "సరే, వెళ్ళి కౌంటర్లో కూర్చో" అన్నాడు. సంక్రాంతికి మానేశాను.

అన్నట్టు, మీ లాగిన్‌తో ఇంకెవరైనా బిల్లు కొడతారా? అది మీరు రాయలేదు. మీరు టీకి వెళ్ళినప్పుడు ఎవరైనా కూర్చుంటే, షాపువాళ్ళకి పంపే కాగితంలో మొదటి వాక్యం అదే పెట్టండి.