బ్యాగ్ ఫిల్టర్ డీపీ తగ్గడం లేదా? సంచులకన్నా ముందు గాలిని చూడండి

కొత్త సంచులు వేసిన పదిహేను రోజులకే మీ సిమెంట్ మిల్లు బ్యాగ్ ఫిల్టర్ (దుమ్మును గుడ్డ సంచులతో వడకట్టే యంత్రం) డీపీ, అంటే సంచులకు అటూ ఇటూ ఉన్న గాలి ఒత్తిడి తేడా, మళ్లీ 220 మిల్లీమీటర్ల నీటిమట్టానికి చేరిందంటే, లోపం సంచుల్లో కాక వాటిని దులిపే కంప్రెసర్ గాలిలో ఉండే అవకాశమే ఎక్కువ. మంచిర్యాల వైపు ఈ ముసురు రోజుల్లో గాలితో పాటు నీరూ వచ్చి, సంచికి అంటిన సిమెంట్ అక్కడే గట్టిపడుతుంది.

1. ఫిల్టర్ పక్కనున్న ఎయిర్ హెడర్ (దులిపే గాలి నిల్వ ఉండే గొట్టం) అడుగు డ్రెయిన్ వాల్వును మెల్లగా తెరవండి. కంప్రెసర్ గదిలోని ట్యాంకు నీళ్లు వదిలేసి దీన్ని మరిచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. మా దగ్గర తెరిచినప్పుడు తుప్పు రంగు నీళ్లు అర బకెట్ వచ్చాయి.

2. హెడర్ గేజిని పల్స్ (సంచులను దులిపే గాలి దెబ్బ) పడే క్షణంలో చూడండి. ఊరికే ఉన్నప్పుడు 5 బార్ చూపితే సరిపోదు. పల్స్ పడగానే ముల్లు చటుక్కున దిగి, తర్వాతి పల్స్ లోపు యథాస్థానానికి రావాలి. ముల్లు కదలకపోతే ఆ వరుస సంచులకు గాలి వదిలే వాల్వును తెరిచే సోలెనాయిడ్‌ను, దిగి పైకి రాకపోతే చిరిగిన డయాఫ్రంను (ఆ వాల్వులోని రబ్బరు పొరను) అనుమానించండి. డయాఫ్రం చిరిగితే ఆగకుండా బుస్సుమనే శబ్దం కూడా వినిపిస్తుంది.

3. హాపర్ (రాలిన దుమ్ము చేరే గరాటు) కింద, దుమ్మును వదులుతూ బయటి గాలిని ఆపే రోటరీ ఎయిర్‌లాక్ అరిగి ఉంటే, లోపలికి వచ్చే బయటి గాలి రాలిన దుమ్మును మళ్లీ సంచుల మీదికి లేపుతుంది.

డీపీ దించడానికి గాలి ఒత్తిడి పెంచకండి, సంచులు త్వరగా చిరుగుతాయి. గట్టిపడిన సంచులను మార్చక తప్పదు, కానీ పై మూడూ సరిచేశాకే మార్చండి.