అట్ట వెనక మాటలు కాక, అమ్మాయి మాటలు

ప్రశ్న: వేసవి సెలవుల్లో మా ఊరి గ్రంథాలయంలో పిల్లలచేత అమెరికా చరిత్ర పుస్తకాలు చదివించి, ఒక్కోదానికి ఒక పేజీ సమీక్ష రాయిస్తున్నారు. ఏడో తరగతి పూర్తయిన మా అమ్మాయి మూడు పుస్తకాలు చదివింది గాని, మూడు సమీక్షలూ పుస్తకం వెనక అట్ట మీది మాటలకు నకళ్లలా ఉన్నాయి. పైగా, పద్మనాభం యుద్ధం ఎప్పుడు జరిగిందో తెలియని పిల్లలకు బోస్టన్ సంగతులెందుకని మా మామగారు అడుగుతున్నారు. ఎవరికి ఏమని చెప్పాలి?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: మీ మామగారు విసుగుతో అడిగినా, మీ అమ్మాయికి కావలసిన సమీక్ష ఆయన మాటలోనే ఉంది. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో జనం మూడు ఓడలెక్కి 342 పెట్టెల తేయాకును సముద్రం పాలు చేశారు. అది చైనాలో పండిన ఆకే అయినా, సరుకు ఈస్టిండియా కంపెనీది. అప్పుల్లో మునిగిన ఆ కంపెనీని గట్టెక్కించడానికి బ్రిటిష్ పార్లమెంటు అదే ఏడాది చట్టం చేసి, తేయాకు మీది పన్నును అలాగే ఉంచి, అప్పటికి తమ వలసగా ఉన్న అమెరికాలో నేరుగా అమ్ముకునే వీలు కల్పించింది. అప్పటికే ఆ కంపెనీ నిజాముతో 1766లో చేసుకున్న ఒప్పందంతో మన ఉత్తర సర్కారులను చేజిక్కించుకుంది. పేష్‌కష్ (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిల తగవు ముదిరి, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర మీ విజయనగరం జమీందారు చిన విజయరామరాజు పోరాడి మరణించింది కూడా ఆ కంపెనీ సేనలతోనే. ఇక బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ సంగతి మరీ చిత్రం. 1781లో అమెరికాలోని యార్క్‌టౌన్ దగ్గర తన సేనతో సహా వాషింగ్టన్‌కు లొంగిపోయిన ఆయనే 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. 1793లో ఆయన బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో మన జమీందారీల దాకా వచ్చింది. అక్కడ ఓడిన దొరకు ఇక్కడ అంతకన్నా పెద్ద కొలువు దొరికిందన్నమాట!

అమ్మాయి విషయానికొస్తే, అచ్చయిన మాట మీద తాను అభిప్రాయం చెప్పవచ్చునని పిల్లలకు తోచదు, అందుకే నకలు రాస్తారు. కథ చెప్పవద్దనీ, పుస్తకాన్ని ఒక్క ప్రశ్న అడిగి, దానికి జవాబు ఏ పేజీలో దొరికిందో, అసలు దొరకలేదో రాయమనీ చెప్పండి. శ్రీకాకుళంలో ఒకసారి ఇలాంటి సమీక్షలు దిద్దడానికి కూర్చున్నప్పుడు, ఒక పిల్లవాడు పెన్సిలుతో రాసిన రెండే వాక్యాలు నా చేతికి వచ్చాయి: “ఓడ బొమ్మ పేజీ నిండా వేశారు. పెట్టెలు మోసిన కూలీల బొమ్మ ఎక్కడా లేదు.” పేజీలు నింపినవారందరికన్నా వాడికే ఎక్కువ మార్కులు వేశాను, తోటి పరీక్షకులు ఒప్పుకోకపోయినా.

మనుషులందరూ సమానులుగా సృష్టింపబడ్డారని 1776 స్వాతంత్ర్య ప్రకటనలో ఉంది. దాని ముసాయిదా రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో వందలమంది బానిసలకు యజమాని. పదమూడో రాజ్యాంగ సవరణతో దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865లో. మీ అమ్మాయిచేత ఆ తీసివేత చేయించండి: 89 ఏళ్లు. ఆ 89 ఏళ్లకు ఈ పుస్తకం ఎన్ని పేజీలు ఇచ్చింది, అందులో బానిసల పేర్లు ఎన్ని ఉన్నాయి, అక్కడి ఆదివాసుల భూములు ఏమయ్యాయో చెప్పిందా లేదా అని వెతికితే పేజీ దానంతటదే నిండుతుంది. లోపలి పుటలో అచ్చయిన సంవత్సరం కూడా చూడమనండి. అరవై ఏళ్ల కిందటి పుస్తకమూ నిన్నటి పుస్తకమూ ఆదివాసుల గురించి ఒకే తీరున మాట్లాడవు.

పుస్తకం ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన సమీక్ష కూడా ఇంగ్లీషులోనే ఉండనక్కరలేదని గ్రంథాలయం వారిని ఒక్కమాట అడిగి చూడండి. వాడుక భాష కోసం గురజాడ వాదించిన ఊరు మీది. పిల్ల తన మాటల్లో రాస్తానంటే కాదనరనుకుంటాను. బహుమతుల గురించి ఇంట్లో ఎత్తకపోవడమే మంచిది.

ఈసారి పుస్తకం ఇంటికి రాగానే, బడి పుస్తకాలకు వేసినట్టే పాత కేలండరు కాగితంతో అట్ట వేసి ఇవ్వండి. వెనక మాటలు కనపడకపోతే నకలు రాయడానికి ఏమీ ఉండదు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ కాగితం తీసేయడం మరిచిపోకండి.