నోరు తెరుచుకోని రోజుల్లో దేవుణ్ణి స్తుతించడం ఎలా?

సిస్టర్, వందనాలు. మీ ఆయనకు ఏడు నెలలుగా డయాలసిస్, పైన అప్పులు, మందిరంలో అందరూ "స్తుతించండి" అంటుంటే నోరు రావట్లేదు, నా విశ్వాసం పోయిందా అని అడిగారు. పోలేదు. విశ్వాసం పోయినవాళ్లకి ఈ బెంగ ఉండదు.

150 కీర్తనల్లో ఇంచుమించు మూడోవంతు మొరలే. 13వ కీర్తన తెరవండి, ఆరే వచనాలు. మొదటి రెండింట్లో ఎన్నాళ్లు, ఎంతకాలం అని దావీదు నాలుగుసార్లు నిలదీస్తాడు. 3, 4 వచనాల్లో తనకేం కావాలో అడుగుతాడు. స్తుతి 5, 6లో గానీ రాదు. మనవాళ్లు మొదటి నాలుగూ దాటించి నేరుగా ఆరో వచనం పాడించాలని చూస్తారు. అందుకే గొంతు పెగలదు.

మీరు ఆ వరసే పట్టుకోండి. డయాలసిస్ నడిచే నాలుగు గంటలూ బయట కుర్చీలో కూర్చుంటారు కదా, అందులో పది నిమిషాలు చాలు. చిన్న నోటుబుక్కులో రోజుకో పేజీ. ముందు ఫిర్యాదు, గ్రాంథికం వద్దు, ఇంట్లో మాట్లాడినట్టే: "ప్రభువా, ఈ నెల వడ్డీ కట్టలేదు. భయంగా ఉంది." తర్వాత ఆ పూటకి ఒక్కటే మనవి: "మెషీన్ మీద ఉండగా ఆయన బీపీ పడిపోకుండా చూడు." పెద్ద మనవులు రాస్తే జవాబు వచ్చిందో లేదో తెలియక నీరసం వస్తుంది. చిన్నదైతే సాయంత్రానికల్లా తెలుస్తుంది. చివర స్తుతి, ఒక్క వాక్యం. ఆ రోజు మేలేదీ కనబడకపోతే కల్పించి రాయొద్దు, దేవుడు ఎలాంటివాడో అది రాయండి. ఎడారిలో హాగరు ఆయన్ని "చూచుచున్న దేవుడవు" అంది, ఆ ఒక్క మాటైనా చాలు. కొన్ని రోజులు ఆ వాక్యం కూడా రాదు. 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, అయినా బైబిల్లోంచి దాన్నెవరూ తీసెయ్యలేదు. ఆ రోజు మీరూ అక్కడే ఆపండి.

"ప్రతి విషయమునందును" కృతజ్ఞతలు చెల్లించమన్నాడు పౌలు, 1 థెస్సలొనీక 5:18లో. కిడ్నీలు పాడైనందుకు థాంక్స్ చెప్పమని కాదు, ఆ స్థితిలో ఉండి కూడా చెప్పమని. "సమస్తమునుగూర్చి" కృతజ్ఞతలు చెప్పమనే ఎఫెసీ 5:20 చూపించి, కష్టానికి కూడా థాంక్స్ చెప్పాల్సిందే అని వాదించేవాళ్లుంటారు. అది రాసిన పౌలే తన శరీరంలో ముల్లులా బాధించేదాన్ని తీసెయ్యమని మూడుసార్లు బతిమాలుకున్నాడు మరి.

ఇక ఒంటి సంగతి. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీచెట్టు కింద పడుకుంటే దూత వాక్యం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. మీరు రాత్రంతా ఆస్పత్రిలో మేలుకుని తెల్లవారి ఉపవాస కూడికకి వెళ్లొద్దు, నిద్రపోండి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోయినా, బతకాలనిపించకపోయినా డాక్టరుకి చెప్పండి. మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసినా మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

మీ ఆయన మాత్రం డాక్టరుని అడక్కుండా ఉపవాసం ఉండకూడదు. షుగరుకి ఇన్సులిన్ కూడా వేసుకుంటుంటే పస్తుతో షుగరు పడిపోతుంది. ఉపవాసం విప్పేటప్పుడు ప్రేమకొద్దీ ఇచ్చే కొబ్బరినీళ్లు, అరటిపళ్లు, ఖర్జూరాలు ఇంకా ప్రమాదం. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, గుండె లయ తప్పుతుంది. పరామర్శకి వచ్చేవాళ్లకి ఇది ముందే చెప్పేయండి. ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసేది) ఉంటే ఆ చేతిని ప్రార్థనలో గట్టిగా పట్టుకోనివ్వొద్దు, దానికి బిగుతుగా ఏమీ కట్టనివ్వొద్దు. ప్రార్థన చేసి రాసే నూనె నుదుటికి రాస్తే చాలు. స్వస్థత అయిపోయిందని చెప్పి డయాలసిస్ మానెయ్యమనేవాళ్లని గుమ్మంలోంచే పంపేయండి. జబ్బుపడిన హిజ్కియా రాజుకి 15 ఏళ్ల ఆయుష్షు పెంచిన దేవుడే పుండు మీద అంజూరపు పళ్ల ముద్ద కట్టించాడు.

అప్పు చేసి కానుక ఇవ్వొద్దు. లేనిదాన్నిబట్టి కాదు, కలిగినదాన్నిబట్టే ఇస్తే ప్రీతికరమని 2 కొరింథీ 8:12లో ఉంది. ఆ డబ్బు ముందు మందులకి. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవలో, తెలంగాణలో ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది. ఇంకా చేతినుంచే కడుతుంటే రేపే ఆస్పత్రిలో హెల్ప్ డెస్క్ దగ్గర ఆ పథకం తరఫున ఉండే ఉద్యోగిని అడగండి, కార్డు తీసుకెళ్లండి.

పాపం వల్లే ఇదంతా అనేవాళ్లకి జవాబివ్వడానికి మీ ఓపిక ఖర్చు పెట్టుకోకండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు విప్పకుండా పక్కన కూర్చున్నారు, అంతవరకూ బాగానే ఉన్నారు. మాట్లాడటం మొదలెట్టాకే చెడింది. సంఘంలో అలా ఊరికే కూర్చోగలిగిన ఇద్దరిని చూసుకోండి. ఆదివారం మీరు పాడలేకపోతే వాళ్ల మధ్య కూర్చుని వినండి, పుస్తకం తెరిచి పెట్టుకుంటే చాలు.