ఆ పట్టిక దాచకు

చిరంజీవి అమ్మడికి,
మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగుని, ఇవాళ అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం రాస్తావట, దాన్ని ఓపెన్ సోర్స్‌గా అందరికీ ఇచ్చేస్తావట, ఏడాదిపాటు ఇక అదే పనట. "నీ మాటైతే వింటుంది, నువ్వు చెప్పన్నయ్యా" అంది. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక బాల్కనీలో చాలాసేపు కూర్చున్నాను. నిన్ను ఆపమని అడిగింది మీ అమ్మ. ఆ పని నావల్ల కాదమ్మా. నువ్వు చేస్తానంటున్నది ఇరవై ఏళ్ళ కిందట నేను చెయ్యాల్సిన పని.

గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. రెండూ రాస్తాను, ఓపిగ్గా చదువు.

పన్నెండు నెలల అద్దె, తిండి ఖర్చు వేరే ఖాతాలో వేసి పెట్టుకో. ఉద్యోగంతోపాటే ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుంది కాబట్టి రాజీనామాకి ముందే సొంత పాలసీ తీసుకో.

ఒక్కటి మాత్రం ఇవాళే చూడు. చేరేటప్పుడు సంతకం పెట్టిన ఒప్పందం బయటికి తీసి మొదటి నుంచి చివరి దాకా చదువు. మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంని కూడా సాహిత్య రచన కిందే లెక్కకడుతుంది. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి వేరే ఒప్పందం లేకపోతే హక్కుదారు యజమాని. నువ్వు ఇప్పటికే కొంత రాశావని మీ అమ్మ చెప్పింది. ఏ లాప్‌టాప్ మీద రాశావు? ఆఫీసుది అయితే ఆ కోడ్ అక్కడే వదిలెయ్యి, మళ్ళీ మొదటి నుంచి రాసుకో. కోపం వస్తుందని తెలుసు. మూడు నెలల పని పోయినా నష్టం లేదు, పదేళ్ళ తర్వాత ఎవడో వచ్చి ఇది మాది అనకూడదు.

ఇక నా సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

నేను తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ రాసి అమ్మానని నీకు తెలుసు. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని దానిలోనే నీ పేరు కొట్టావు. అది 1995లో మొదలుపెట్టాను. అప్పట్లో ఒక ఫాంటులో 256 గదులుండేవి. వాటిలో కొన్ని కంప్యూటర్ తన అవసరాలకి పెట్టుకునేది, మిగిలినవాటిలోకే మన తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులు, అక్షరాల ఒళ్ళు అన్నీ సర్దాలి. ఏ గదిలో ఏ ముక్క పెట్టాలన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. భారతీయ భాషలన్నిటికీ కలిపి ఇస్కీ అనే ప్రమాణం 1991కే వచ్చేసింది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ మొదటి ప్రతిలో తెలుగుకి 128 గదుల చోటిచ్చారు. ఈ రెండూ నాకు తెలుసు. తెలిసే పక్కన పెట్టాను. నా పట్టిక నాది, దాన్ని చూసి ఇంకొకడు సాఫ్ట్‌వేర్ చేస్తే నా అన్నం పోతుందనుకున్నాను.

ఆరు వేలకి ఒక కాపీ అమ్మేవాణ్ణి. ప్రింటర్ పోర్టుకి తగిలించే చిన్న తాళం ముక్క, డాంగిల్, ఇచ్చేవాణ్ణి. అది తగిలిస్తే తప్ప ప్రోగ్రాం తెరుచుకోదు. అయినా ఇక్కడి కంప్యూటర్ బజారు రిచీ స్ట్రీట్‌లో దానికి దొంగ కాపీలు వచ్చాయి. ఆ కోపంలో 1999లో కొత్త వెర్షన్ చేస్తూ, బోల్డ్ ఫాంటులో గదులన్నీ కావాలని కలగాపులగం చేశాను. పాత పట్టికతో చూస్తే ఏమీ అర్థం కాకూడదని. ఆ రోజు చాలా తెలివైన పని చేశానని మీ అత్తకి చెప్పుకున్నాను కూడా.

నా దగ్గర కొన్నవాళ్ళలో ఒక మాస్టారుండేవారు. చెన్నైలో ఒక బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. రాయపురం, పాత చాకలిపేట, చింతాద్రిపేట వీధుల్లో తరాలుగా ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఆ ఇళ్ళలో మాత్రమే బతికున్న మాటలు రాసుకునేవారు. ముసలమ్మల పక్కన కింద కూర్చుని, అడిగి అడిగి రాసుకున్న మాటలు. వాటిని అకారాదిగా పేర్చి, నా సాఫ్ట్‌వేర్‌లో ఒక వేలితో టైపు చేసేవారు. మాట బోల్డులో, అర్థం మామూలు అక్షరాల్లో. సగం అయ్యాక ప్రింటు తీసి నాకు చూపించారు, 210 పేజీలు. అప్పుడే నేను కొత్త వెర్షన్ ఇచ్చాను, ఉచితంగా, ఆయన మీద గౌరవంతో. మిగతా సగం ఆయన దానిలో టైపు చేశారు.

2003 ప్రాంతంలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం రాస్తున్నాను, మీ ఫాంట్ల పట్టిక ఇస్తారా అని అడిగాడు. కసిరాను. "కోడ్ అక్కర్లేదు సార్, ఏ గదిలో ఏ అక్షరం ఉందో కాగితం మీద రాసిచ్చినా చాలు" అన్నాడు. ఒక కాగితం అమ్మడూ, రెండువైపులా రాస్తే సరిపోయేది. ఇవ్వలేదు. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడి పంపించేశాను. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మన ఇంట్లో అలా ఎవరినీ పంపం.

అప్పటికే తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు చేసి ఉచితంగా పంచారు. వాటితో రాసినది ఇవాళ్టికీ ఎక్కడైనా తెరుచుకుంటుంది. నాది కొనేవాళ్ళు తగ్గారు, నేనూ వేరే పనుల్లో పడ్డాను. మాస్టారు 2013లో పోయారు. 2015 డిసెంబరులో అడయారు పొంగి మా సైదాపేట ఇంట్లోకి నీళ్ళు వచ్చిన రాత్రి నీకు గుర్తుండే ఉంటుంది. మిమ్మల్నందరినీ మేడ మీదికి పంపి నేను మెడలోతు నీళ్ళలో తులసికోట పట్టుకుని నిలబడ్డానని మీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నా సోర్స్ కోడ్ మూడు కాపీలుండేవి. ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి సీడీల్లో, ఒకటి ఫ్లాపీల్లో. మూడూ కింది గదిలో, ఒకే బీరువాలో.

మరుసటి ఏడాది మాస్టారి అబ్బాయి ఒక సీడీ పట్టుకుని వచ్చాడు. నాన్నగారి నిఘంటువు అచ్చువేయిద్దామనుకుంటున్నాను, ఫైలు తెరిస్తే ఏవో పిచ్చి గుర్తులు వస్తున్నాయన్నాడు. డాంగిల్ తగిలించడానికి కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టే లేదు. పాత కంప్యూటర్ వెతికి తెచ్చినా నా ప్రోగ్రాం లేదు, ఫాంటు లేదు. అతని ముందు కూర్చుని, ఈ ఫైలుని చదవగలిగినవాడు లోకంలో నేనొక్కణ్ణే, నేనూ చదవలేను అని చెప్పాల్సి వచ్చింది.

ఆ 210 పేజీల ప్రింటు పక్కన పెట్టుకుని, ఏ గుర్తుకి ఏ అక్షరమో ఒక్కొక్కటే నోటు పుస్తకంలో రాసుకుంటూ ఏడు నెలలు కూర్చున్నాను. మామూలు అక్షరాల పట్టిక దాదాపు పూర్తిగా తిరిగొచ్చింది. బోల్డుది రాలేదు. రెండో సగానికి ప్రింటే లేదు కదా. కాబట్టి మాస్టారి పుస్తకంలో సగం ఇప్పుడెలా ఉందంటే, అర్థాలున్నాయి, మాటలు లేవు.

అందుకే చెబుతున్నాను. ప్రోగ్రాం కంటే ముందు పట్టిక బయటపెట్టు. ఏ ఫాంటులో ఏ గదిలో ఏ అక్షరం ఉందో మామూలు టెక్స్ట్ ఫైల్లో, మనిషి కళ్ళతో చదివి అర్థం చేసుకునేలా రాసి, మొదటి రోజే పెట్టెయ్యి. నీ ప్రోగ్రాం రాసిన భాష ముప్పై ఏళ్ళకి ఎవరికీ రాకపోవచ్చు. పట్టిక ఉంటే ఇంకొకరు మళ్ళీ రాసుకుంటారు. దానికి ఏ షరతూ పెట్టకు.

ప్రోగ్రాంకి మాత్రం లైసెన్స్ పెట్టి తీరాలి. పెట్టకపోతే ఉచితం అనుకుంటారు చాలామంది, అది తప్పు. లైసెన్స్ లేని కోడ్ మీద హక్కులన్నీ రాసినవాళ్ళవే, మన దేశంలో వాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళు. నా మాట అడిగితే జీపీఎల్ అనే లైసెన్స్ పెట్టు. దిద్ది పంచిపెట్టేవాళ్ళు తాము దిద్దినది కూడా ఇవ్వాలి, అది న్యాయం. "డబ్బు తీసుకోకూడదు" అనే షరతు మాత్రం వద్దు. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం రాసిన లైనస్ టోర్వాల్డ్స్ కూడా 1991లో దానికి ముందు అలాంటి షరతే పెట్టాడు, 1992లో తీసేసి జీపీఎల్‌కి మారాడు. పేజీకి పది రూపాయలు తీసుకుని పాత ఫైళ్ళు మార్చిపెట్టే డీటీపీ కుర్రాడికి నీ ప్రోగ్రాం అందరికంటే ఎక్కువ అవసరం. వాణ్ణి బయట నిలబెట్టకు.

మార్చేటప్పుడు పొల్లు దగ్గర జాగ్రత్త. పాత ఫాంట్లలో పొల్లుకి వేరే గది ఉండేది, దాని పక్కన ఏ హల్లు వచ్చినా విడిగానే నిలబడేది. యూనికోడ్‌లో రెండూ కలిసి వత్తు అయిపోతాయి. నడుమ జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని గుర్తు పెట్టకపోతే "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అవుతుంది. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" నడుమ అదే గుర్తు ఇరుక్కుని ఐఫోన్లలో యాప్‌లని కూల్చేసింది, గుర్తుందా? ఆపిల్ వాళ్ళు సరిచేసి పంపేదాకా మనం చూస్తూ కూర్చున్నాం. అదే అక్షరాలని పేర్చి తెరమీద చూపించే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం హార్ఫ్‌బజ్‌లో అయితే నీలాంటి పిల్ల తప్పెక్కడుందో తెరిచి చూడగలదు. మన అక్షరాల ఇబ్బంది మనకే ముందు కనబడుతుంది.

కొత్త లాప్‌టాప్ కొనకు. మీ బెంగుళూరు ఎస్పీ రోడ్డులో ఆఫీసులు వదిలేసిన పాత థింక్‌ప్యాడ్ తీసుకుని లినక్స్ వేసుకో, మిగిలిన డబ్బు మెమరీ మీద పెట్టు. హార్డ్ డిస్కు మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. రాసినదే రెండు డిస్కుల్లోనూ రాసిపెట్టే రెయిడ్ పెట్టాను కదా అని బ్యాకప్ మానకు. పొరపాటున చెరిపేస్తే రెయిడ్ రెండు డిస్కుల్లోనూ శ్రద్ధగా చెరిపేస్తుంది. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్ళో. ఆ వేరే ఊరు మా ఇల్లు. ఇప్పుడు మేం మూడో అంతస్తులో ఉన్నాం. నీ గది ఏ అంతస్తు? 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు వైపు నీళ్ళు ఎలా నిలిచాయో నువ్వే ఫోటోలు పంపావు. గ్రౌండ్ ఫ్లోర్ అయితే మారిపో. అడ్వాన్సు నేనిస్తాను. ఈ విషయంలో నాతో వాదించకు.

ఇంకొక భయం ఉంది. ఫైళ్ళని కుదించే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. దాన్ని ఏళ్ళ తరబడి దాదాపు ఒక్కడే మోశాడు. అలసిపోయి ఉన్నప్పుడు ఎవరో వచ్చి సాయం చేస్తూ చేస్తూ, నమ్మకం సంపాదించి, లోపల దొంగదారి పెట్టేశారు. 2024 మార్చిలో లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వి చూడబట్టి బయటపడింది. అందరూ దొంగదారి గురించే మాట్లాడారు. నాకు ఆ ఒంటరిగా మోసిన మనిషే గుర్తుండిపోయాడు. నువ్వు అడిగితే కాదనలేని పిల్లవి. అర్ధరాత్రి ఎవరో "ఇంకా సరిచెయ్యలేదేం" అని రాస్తే లేచి కూర్చుంటావు. అలా కూర్చోకు తల్లీ. పొద్దున జవాబివ్వు. మొదటి నుంచే ఇంకొకరిని పక్కన పెట్టుకో, ముఖం చూసి మాట్లాడగలిగినవాళ్ళని. బెంగుళూరులో తెలుగు వచ్చిన ప్రోగ్రామర్లకి కొదవేముంది.

మా ఇంటికి దగ్గర్లోనే ఐఐటీ మద్రాసు వాళ్ళు శక్తి ప్రాసెసర్ డిజైనుని ఎవరైనా తీసుకోవచ్చని తెరిచిపెట్టారు. చిప్పు లోపలి సంగతే తెరిచిపెట్టారమ్మా. ఆ గేటు ముందు నుంచి బస్సులో వెళ్ళినప్పుడల్లా పట్టిక అడిగిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఏడాది గడువు అడుగుతాను. నువ్వు మాత్రం రోజూ రాత్రి తనకి ఫోన్ చెయ్యి, పని గురించి చెప్పకపోయినా ఏం తిన్నావో చెప్పు.

వచ్చే శుక్రవారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో రా, సెంట్రల్‌కి వచ్చి తీసుకెళ్తాను. మాస్టారి సీడీ ఇస్తాను. అబ్బాయి ఒప్పుకున్నాడు, నాన్నగారి పేరుంటే చాలన్నాడు. నోటు పుస్తకం కూడా ఇస్తాను. మాటలు అకారాదిగా ఉన్నాయి కాబట్టి, ఆ వరస పట్టుకుని బోల్డు పట్టిక కట్టొచ్చేమో చూడు. నేను చేత్తో "ప" దాకా వచ్చి ఆగిపోయాను, ఆ తర్వాత కళ్ళు సహకరించలేదు. నేనాగిన చోటనే ఒక అర్థం ఉంది, "పెళ్ళికి ముందురోజు రాత్రి ఆడవాళ్ళు కూరలు తరుగుతూ పాడుకునే పాట" అని. దాన్ని ఏమనేవారో మీ అత్తని అడిగాను, మీ అమ్మమ్మ చెల్లెలిని అడిగాను. ఎవరికీ తెలియలేదు. ముందు ఆ మాట చదివి పెట్టు.

ప్రేమతో,
మావయ్య
చెన్నై